నీతిచంద్రికయు నేటి జీవన నైపుణ్య బోధనయు

పాటలీపుత్రమును సుదర్శనుడను రాజు పాలించుచుండెననియు, చదువు సంధ్యలు లేక తిరుగు కుమారులను చూచి యాతడు మిక్కిలి చింతిల్లెననియు, విష్ణుశర్మ యను పండితుడు ఆరు నెలలలో వారిని నీతివిదులను చేయుదునని పూనుకొనెననియు నీతిచంద్రిక ప్రారంభమున నున్నది. మన యిండ్లలో ఈ కథ నెరుగని పెద్దలు తక్కువ. పరవస్తు చిన్నయసూరి 1853లో ఈ గ్రంథమును ప్రకటించిన నాటినుండి ఎన్నియో తరముల బాలురు దీనిని బడిలో చదివిరి. ఇందలి మాటల సొగసును గూర్చియు, వాక్యముల బిగువును గూర్చియు విమర్శకులు చాలినంత వ్రాసియున్నారు. దానిని మరల చెప్పుటకు నేను పూనుకొనలేదు. ఈ గ్రంథము ఏ ప్రయోజనమునకై పుట్టెనో ఆ ప్రయోజనమును మన పాఠశాలలు ఎంతవరకు నెరవేర్చినవి? ఆ పనికే క్రొత్త పేరు పెట్టి నేడు చేయుచున్న బోధన దానికంటె మేలుగా నున్నదా? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసము నుద్దేశము.

సుదర్శనుని చింత నేటి ప్రతి గృహస్థుని చింతయే. పిల్లవాడు బీజగణితపు లెక్కలు చకచక చేయును. కాని యింటికి వచ్చిన చుట్టముతో నాలుగు మాటలాడలేడు. పిల్ల తరగతిలో మొదటిదిగా నిలుచును. కాని యొక పరీక్షలో రెండు మార్కులు తగ్గినచో రెండు పూటలు అన్నము ముట్టదు. చదువు వచ్చినది, బ్రతుకుతెరువు వచ్చునేమో కూడను, కాని బ్రతుకు చేతకాలేదని తల్లిదండ్రులు వాపోవుచున్నారు. రాజు తన కొడుకులకు వ్యాకరణము రాలేదని చింతింపలేదు. మంచిచెడ్డలు తెలియలేదని చింతించెను. విష్ణుశర్మ పూనుకొన్నది, నేటి మాటలలో చెప్పవలెనన్న, వ్యక్తిత్వ వికాసమును జీవన నైపుణ్యములను బోధించు పనియే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో బడిపిల్లలకు నేర్పదగిన జీవన నైపుణ్యములను పదింటిని పేర్కొన్నది. తన్ను తానెరుగుట, పరుల బాధను గ్రహించుట, వివేచించుట, క్రొత్తగా ఊహించుట, నిర్ణయము చేయుట, చిక్కును విడదీయుట, మనసులోని మాటను చక్కగా తెలుపుట, నలుగురితో మెలగుట, ఒత్తిడిని తట్టుకొనుట, ఉద్వేగములను అదుపులో నుంచుకొనుట అనునవి యా పది. ఈ పట్టికను చూచి మనవారు కొందరు ఇది పాశ్చాత్యుల క్రొత్త కల్పన యనుచున్నారు. మరికొందరు ఇదంతయు మన పూర్వుల గ్రంథములలో నున్నదే, క్రొత్తగా నేర్చుకొనవలసినది లేదనుచున్నారు. ఇరువురి మాటయు తొందరపాటే. పూర్వుల గ్రంథములో నున్నదేమో ముందు చూతము.

మిత్రలాభములోని పావురముల కథను తలచుకొనుడు. నిర్జనమైన యడవిలో నూకలు చల్లియుండెను. మనుష్యసంచారము లేనిచోట నూకలెట్లు వచ్చినవని పావురముల రాజగు చిత్రగ్రీవుడు సందేహించెను. పెద్దల యనుమానములను లెక్కచేసినచో తిండియే దొరకదని యొక పావురము గర్వముతో పలికెను. ఆకలితోనున్న గుంపు ఆ మాటనే నచ్చుకొని దిగెను, వలలో చిక్కెను. వెంటనే యందరును ఆ సలహా చెప్పినవానిని నిందింప మొదలిడిరి. నిందించుటకిది సమయము కాదనియు, ధైర్యము విడువక ఉపాయమాలోచింపవలెననియు, ఒక్కమారుగా వలతో కూడ ఎగిరిపోవుదమనియు చిత్రగ్రీవుడు చెప్పెను. ఎగిరిపోయి హిరణ్యకుడను ఎలుకను చేరిన పిదప, మిత్రుడు తన కట్లనే ముందుగా కొరుకబోగా, ముందు నా వారి కట్లు కొరుకుమని యాతడు కోరెను.

ఈ చిన్న కథలో ఆ పది నైపుణ్యములలో ఏది లేదు? నూకలను చూచి సందేహించుట వివేచన. గుంపు మాటకు లొంగుట, యౌవనమున ప్రతి బాలుడును ప్రతి బాలికయు ఎదుర్కొను శోధన. ఆపదలో ఒకరినొకరు దూరుట, ఉద్వేగమునకు వశమగుట. అందరు నొక్కటై ఎగురుట చిక్కును విడదీయుట. తనవారి కట్లు ముందు తెగవలెననుట పరుల బాధ నెరుగుట. మరియొక్కటి గమనింపవలెను. తన హెచ్చరికను వినక పోయినవారిని చిత్రగ్రీవుడు ‘నేను చెప్పలేదా’ యని యెత్తిపొడువలేదు. పిల్లలు తప్పు చేసి వచ్చినప్పుడు మనలో ఎందరము ఆ మాట ననక యుండగలుగుచున్నాము? ఈ కథ బాలురకే కాదు, తండ్రులకును తల్లులకును పాఠమే.

ఇంతటి నిధి చేతనుండగా మన పాఠశాలలు దానితో ఏమి చేసినవి? నేను చదివిన బడిలో ఈ కథను నెలనాళ్లు చెప్పిరి. పావురమునకు కపోతము, పారావతము, కలరవము అను పర్యాయపదములు వల్లించితిమి. సంధులు విడదీసితిమి, విగ్రహవాక్యములు చెప్పితిమి, ప్రతిపదార్థము వ్రాసితిమి. ఆ గర్వపు పావురము మాటకు తక్కినవారేల తలయొగ్గిరని మమ్మెవ్వరు నడుగలేదు. మీలో ఎవరైన ఎప్పుడైన అట్లు గుంపుతో పోయి వలలో చిక్కితిరా యని యడుగలేదు. మా తరగతిలో ఒక బీదపిల్లవానిని అందరు నేడిపించెడివారు. వాడు చివరకు బడి మానెను. వానిని నేనును ఏడిపించితిని. నలుగురు చేయుచున్నారు గనుక చేసితిని. ఆ దినములలోనే చిత్రగ్రీవుని కథను తప్పు లేకుండ అప్పగించి మెప్పు పొందితిని. నీతి వ్యాకరణముగా మారిపోయెనని యిప్పుడు తోచుచున్నది. దోషము గ్రంథకర్తది కాదు. పరీక్షలో అడుగదగినదానినే బోధించెడి మన యలవాటుది.

ఇక నేటి బోధనకు వత్తము. కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2009లో నిరంతర సమగ్ర మూల్యాంకనమను పద్ధతిని తొమ్మిదవ, పదవ తరగతులలో ప్రవేశపెట్టి, ఆలోచనా నైపుణ్యములు, సామాజిక నైపుణ్యములు, ఉద్వేగ నైపుణ్యములు అను మూడు శీర్షికల క్రింద ప్రతి విద్యార్థికిని గ్రేడు నియ్యవలెనని విధించెను. తెలుగుదేశమునందును ఆ తరువాత వచ్చిన సంస్కరణములలో, సహపాఠ్యాంశములలో ఒకటిగా ‘విలువల విద్య, జీవన నైపుణ్యములు’ చేరెను. ఉద్దేశము మంచిదే. బడి యనగా మార్కుల కార్ఖానా మాత్రము కారాదనియు, పిల్లవాని నిండు మనసును గమనింపవలెననియు తలచినవారిని నిందింపజనదు. కాని మంచి యుద్దేశము ఏ పాత్రలో పోసిన ఆ పాత్ర రూపమునే పొందును. ఇచ్చట పాత్ర గ్రేడు.

నలువదియైదుగురు పిల్లలున్న తరగతిలో, దినమునకొక గంట మాత్రము వారిని చూచు ఉపాధ్యాయుడు, ఫలానా బాలిక తన కోపమును ఎంతవరకు అదుపులో నుంచుకొనగలదో తెలిసికొని అక్షరము వేయుటెట్లు? చేయలేని పనిని చేయుమన్నచో మనుష్యుడు చేసినట్లు వ్రాయును. పైగా కేంద్రమండలి పద్ధతిలో ఈ సహపాఠ్యాంశముల గ్రేడులు మంచివైనచో పాఠ్యాంశముల గ్రేడును ఒక మెట్టు పైకి జరుపుట కూడ గలదు. మంచితనమునకు మార్కుల బహుమానము కట్టిన పిమ్మట మంచితనమెట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు. 2017లో ఆ మండలి ఈ పద్ధతిని విడిచి పాత పరీక్షలకు మరలెను. పరీక్షలు మరలి వచ్చినవి గాని, జీవన నైపుణ్యములను బడిలో ఎట్లు నేర్పవలెనను ప్రశ్న పరిష్కారము కాలేదు. 2020లో వెలువడిన జాతీయ విద్యావిధానమును ఆ మాటను మరల పలికినది.

ఇటీవల నేనొక పనిమీద ఒక పట్టణములోని ఉన్నత పాఠశాలకు పోయితిని. పదవ తరగతిలో ఆ గంట జీవన నైపుణ్యముల పాఠము జరుగుచుండెను. ఉపాధ్యాయిని ఓపిక గలది, పిల్లలయందు ప్రేమ గలది. నల్లబల్లమీద నిర్ణయము చేయుటలోని సోపానములను వ్రాసెను: సమస్యను గుర్తించుట, వివరములు సేకరించుట, మార్గములను పోల్చి చూచుట, ఒకదానిని ఎన్నుకొనుట, ఫలితమును విచారించుట. పిల్లలు పుస్తకములలో వ్రాసికొనిరి. ఒక బాలిక లేచి ఐదింటిని తడబడక చెప్పెను. నేను ఉపాధ్యాయిని యనుమతి పొంది, “అమ్మా, ఈ నెలలో నీ అంతట నీవు చేసిన నిర్ణయమొక్కటి చెప్పు” మని యడిగితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, “నేనేం చేయలేదండీ. అన్నీ మా నాన్నగారే చూసుకుంటారు” అనెను. పదవ తరగతి యైన పిమ్మట ఏమి చదువుదువని యడిగితిని. “బైపీసీ అటండీ. కాలేజీలో ఫీజు కూడా కట్టేశారు” అనెను.

ఆ ‘అట’ యను మాట నా చెవిలో నేటికిని మ్రోగుచున్నది. ఊరిలో నెవ్వరికో పెండ్లి యట, పొరుగూరిలో వాన యట యని మనము చెప్పుకొందుము. తాను కన్నదికాక విన్నదానికి తెలుగువారు వాడు మాట యది. ఆ పిల్ల తన భవిష్యత్తును గూర్చి విన్నవార్త చెప్పినట్లు చెప్పెను. సోపానము లైదును కంఠస్థమై యున్నవి. ఎక్కుటకు మాత్రము మేడ లేదు. ఇందు ఉపాధ్యాయిని తప్పేమియు లేదు. ఆ తండ్రియు దుర్మార్గుడు కాడు. కష్టపడి సంపాదించిన ధనమును కూతురి చదువునకై ముందుగనే కట్టినవాడు. ఐనను బడిలో చెప్పిన పాఠమును ఇంటిలో కొట్టివేసిన వాడును ఆతడే.

జీవన నైపుణ్యములు బోధనచే వచ్చునవి కావు, ఈ పాఠములన్నియు వ్యర్థమని కొందరనుచున్నారు. నే నా మాట నంగీకరింపను. హర్యానాలో 314 ప్రభుత్వ పాఠశాలలను తీసికొని, చీటీలు వేసినట్లు కొన్నింటిని ఎన్నుకొని, వానిలోని బాలబాలికలతో స్త్రీపురుష సమానత్వమును గూర్చి రెండేండ్లకు పైగా తరగతి గదిలో చర్చలు జరిపిరి. ఆ పరిశోధన ఫలితములు 2022లో ప్రకటితములైనవి. పక్షపాత భావములలో నూటికి 16 వంతులు మారినవనియు, చర్చలు ముగిసిన రెండేండ్లకు మరల విచారించినప్పుడును ఆ మార్పు నిలిచియుండెననియు తేలెను. ఇది తక్కువ విషయము కాదు. ఉపన్యాసము కాక చర్చ జరిగినచో, ఒక్కనాటితో కాక ఏండ్ల తరబడి జరిగినచో, పిల్లల మనసు మారునని దీనివలన తెలియుచున్నది.

కాని యందే గమనింపవలసిన మరియొక సంగతి గలదు. భావము బాలురలోను బాలికలలోను మారెను; నడవడిలోని మార్పు మాత్రము బాలురలో అధికముగా కనబడెను. దీనికి కారణమూహింప కష్టము కాదు. ఇంటిపనిలో చేయి కలుపవలెనని బాలుడు నిశ్చయించుకొన్నచో వానిని ఆపువా డెవడు? బాలిక తాను పై చదువునకు పోవలెనని నిశ్చయించుకొన్నను, గడప దాటుటకు ఇంకొకరి యనుమతి కావలెను. నైపుణ్యమును బడి ఇయ్యగలదు. దానిని వాడుకొనుటకు తావును ఇల్లే ఇయ్యవలెను. వాడుక లేని కత్తి త్రుప్పుపట్టును. వాడుక లేని నైపుణ్యము త్రుప్పుపట్టుటయే కాక మనసును కూడ కోయును. నీకు హక్కు గలదని పిల్లకు చెప్పి, ఆ హక్కును అడిగినపుడు నోరు మూయించుట, ఏమియు చెప్పకుండుటకంటె క్రూరము.

ఇది యూహామాత్రమని చదువరులు తలంపకుందురు గాక. 2019 మొదలు 2021 వరకు జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 మొదలు 24 ఏండ్ల వయసుగల స్త్రీలలో 18 ఏండ్లు నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29 మందికి పైగాను, తెలంగాణమున 23 మందికి పైగాను తేలిరి. బాల్యవివాహములను నిషేధించు చట్టము 1929 నుండి ఏదో యొక రూపమున ఉన్నది. 2006లో మరింత గట్టి చట్టము వచ్చెను. ఆ పిల్లలలో అనేకులు బడికి పోయినవారే. నిర్ణయము చేయుటలోని సోపానములను పుస్తకములో వ్రాసికొన్న వారును వారిలో ఉందురు. వారి జీవితములలోని మిక్కిలి పెద్ద నిర్ణయము వారి పుస్తకము మూసియుండగా జరిగిపోయెను.

బాలురదియు సుఖమైన స్థితి కాదు. 2019 ఏప్రిల్ నెలలో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత కొలది దినములలోనే ఇరువదిమంది వరకు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. మూల్యాంకనములో దోషములు దొరలినవని రాష్ట్రమంతట గగ్గోలు పుట్టెను. దోషములను దిద్దవలసినదే, బాధ్యులను ప్రశ్నింపవలసినదే. ఐనను ఒక పరీక్ష తప్పుట జీవితము ముగియుటయే యని పదునేడేండ్ల పిల్లవానికి ఎవరు నేర్పిరి? ఏ పుస్తకమును నేర్పలేదు. ప్రొద్దున లేచినది మొదలు పరుండువరకు మన మాటలు, మన ముఖములు, పొరుగింటి పిల్లవానితో మనము చేయు పోలికలు నేర్పినవి. ఓటమిని తట్టుకొను నేర్పు పాఠముగా చెప్పునది కాదు. చిన్న ఓటములను చవిచూడనిచ్చి, చవిచూచి వచ్చినవానికి ప్రక్కన కూర్చుండి అన్నము పెట్టినచో వచ్చునది.

ఇంకొక విమర్శను గూడ చేయక తప్పదు; ఇది నైపుణ్యమను మాటనే తగులును. మిత్రభేదములోని దమనకుని చూడుడు. వానికి లేని నైపుణ్యమేది? పింగళకుని భయమును ముఖము చూచియే పసిగట్టెను. ఎవరితో ఏ మాట ఏ వేళ పలుకవలెనో తెలిసినవాడు. ఒత్తిడికి జంకడు, ఉపాయములకు కొదువ లేదు, సింహమునకును సంజీవకునకును నడుమ నున్న స్నేహమును రెండు నాలుకలతో చీల్చి, నిర్దోషియగు ఎద్దును చంపించి, తాను పదవిలో నిలిచెను. ఆ పది నైపుణ్యములకు గ్రేడు లిచ్చినచో దమనకునికి అన్నింటను మొదటి గ్రేడే వచ్చును. నేడు పట్టణములలో వ్యక్తిత్వ వికాసమను పేర జరుగు తరగతులలో బోధించునది చాలవరకు దమనకుని విద్యయే. చేయి కలుపుట ఎట్లు, చూపు నిలుపుట ఎట్లు, ఎదుటివానిని మెప్పించి పని సాధించుట ఎట్లు అనునదియే యందలి పాఠము. పని యెట్టిదో, సాధించిన ఫలితమెవ్వరికో ఆ తరగతులలో ప్రశ్న పుట్టదు.

చిత్రగ్రీవునకును దమనకునకును తెలివిలో భేదము లేదు. ఒకడు తన నేర్పును అందరి కట్లు తెగుటకు వాడెను. మరియొకడు తన పదవికి వాడెను. చిన్నయసూరి ఈ రెండు భాగములను ఒక గ్రంథముగా పక్కపక్కన నుంచుటలో ఇంతటి పాఠమున్నది. దానిని పిల్లలకు చూపక సంధులు విడదీయించిన మనము, నేడు సంధులను వదలి సోపానములను పట్టుకొన్నాము. రెండింటను పోయినది ఒక్కటే: ఈ నేర్పు ఎవరికొరకు అను ప్రశ్న. వల్లించి అప్పగించిన మాటలో చిత్రగ్రీవుడును దమనకుడును ఒక్కవలెనే యుందురు. వలలో పడినప్పుడే ఎవరెవరో తెలియును. అందువలన నీ విద్యకు పరీక్ష కాగితముమీద జరుగదు, పనిలో జరుగును.

విష్ణుశర్మ కథా సందర్భమునందును ఒక లోపమున్నదని భక్తితోనే చెప్పుచున్నాను. రాజు కొడుకులను పండితునికి అప్పగించి కొలువునకు పోయెను. రాకుమారులు విని సంతోషించి, తరువాతి కథ చెప్పుమని యడిగిరి. విన్నదానిని వారు చేసి చూపిన ఘట్టము గ్రంథములో లేదు. రాజ్యమునకు యువరాజులు గనుక వారికి ముందుముందు పని తప్పక దొరకును. గ్రంథకర్తలు దాని నంతగా విచారింపకపోయి యుందురు. మన పిల్లలు రాజకుమారులు కారు. పని మనమే కల్పింపవలెను. మరి, ఆ మేడమీద కథలు విన్నవారిలో రాజకుమార్తె యొకతెయు లేదు. ఆ లోపమును దిద్దుట మన కాలమునకు వచ్చిన పని.

పని కల్పించుట యనగానేమో మన చరిత్రయే చెప్పగలదు. నీతిచంద్రికకు తరువాయిగా విగ్రహమును, సంధిని రచించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తెలుగు చెప్పెడి పండితులు. వారు శిష్యులకు ధైర్యమును పాఠముగా మాత్రము చెప్పి యూరకుండలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన వారు మొదటి వితంతు వివాహమును జరిపించినప్పుడు, ఊరి పెద్దలు వెలివేయుదుమని బెదిరించుచుండగా, విద్యార్థులనేకులు వారికి తోడుగా నిలిచిరి. ఒత్తిడిని తట్టుకొనుట, గుంపు మాటకు లొంగకుండుట, పరుల బాధ నెరుగుట అనునవన్నియు ఆ యొక్క రాత్రి ఆ బాలురకు తెలిసివచ్చి యుండును. 1937లో వార్ధాలో రూపుదిద్దుకొన్న నయీ తాలీమ్ ననుసరించి సేవాగ్రామ విద్యాలయములో పిల్లలు వంటశాలను వంతులవారీగా నడిపి, ఖర్చు లెక్కలు తామే చూచుకొనెడివారు. పప్పు చాలకపోయిన దినమున అందరికి సరిగా పంచుట ఎట్లను ప్రశ్నలో లెక్కయు నున్నది, నీతియు నున్నది.

అట్టి పనులు నేటి మన బడులలోను సాధ్యములే. ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. సరకుల రాకపోకలను చూచుటకును, రుచిని శుభ్రతను విచారించుటకును పై తరగతుల పిల్లలకు వంతులు ఏర్పరుపవచ్చును. గ్రంథాలయపు బీరువా తాళము పిల్లల చేతికీయవచ్చును. నాలుగు పుస్తకములు పోయిన పోవును, పోయినవానిని తిరిగి రాబట్టు బాధ్యత కూడ వారిదే యగును. తరగతిలో తగవు వచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయుని యొద్దకు పరుగెత్తక ముందు, తామే కూర్చుండి ఇరుపక్షములను వినుట నేర్పవచ్చును. నెలకొకసారి ఉపాధ్యాయుడు ప్రతి పిల్లతోను పది నిమిషములు ఒంటిగా మాటలాడి, ఆ మాటలకు గ్రేడు వేయకుండవచ్చును. ఆ చివరిది మిక్కిలి కష్టము. మిక్కిలి యవసరమును అదే.

ఇంటి పని బడి పనికంటె సులువు, గాని మనకు మనసొప్పదు. పదునాలుగేండ్ల పిల్లకు నెల సరకుల డబ్బు చేతికిచ్చి కొట్టునకు పంపుడు. పిల్లవానిని తన కంచము తాను కడుగుకొననిండు. వారమునకొక పూట అందరికిని వండిపెట్టమనుడు. ఉప్పెక్కువైనచో నవ్వి తినుడు. బ్యాంకులోను, ఆసుపత్రిలోను, రైల్వే స్టేషనులోను కాగితములు వారిచేతనే నింపించుడు. ఇంట పెద్దవిషయమేదైన చర్చకు వచ్చినపుడు ‘చిన్నపిల్లలు, మీకేమి తెలియును’ అని లేపివేయక, వారి మాటకును చెవి యొగ్గుడు. తుదిమాట మీదే కావచ్చును. కాని కారణము చెప్పుడు. కారణము వినుచు పెరిగిన పిల్ల, రేపు తన కారణమును చెప్పగలదు. ఆజ్ఞ మాత్రము వినుచు పెరిగిన పిల్ల, రేపు ఎవరాజ్ఞాపించినను వినును. ఆ యాజ్ఞాపించువాడు దమనకుడు కాడని మీరు పూచీ పడగలరా?

ఇట్లు చేసినచో పిల్లలు తప్పటడుగులు వేయుదురని కొందరు పెద్దలు భయపడుదురు. వేయుదురు. నడక నేర్చిన దినములలోను వేసిరి. అప్పుడు మనము చప్పట్లు కొట్టితిమి. పదునైదవయేట తప్పటడుగు పడినపుడు ఇల్లు ప్రక్కనున్నది, తల్లి యున్నది, దిద్దుకొను కాలమున్నది. ముప్పదవయేట మొదటి యడుగు వేయబోయి పడినచో పట్టుకొనువా రెవరు? పిల్లలను తప్పులనుండి కాపాడితిమనుకొనుచు మనము చేయుచున్నది, ఆ తప్పులను ఖరీదైన కాలమునకు వాయిదా వేయుటయే.

కావున నేను జీవన నైపుణ్యముల పాఠమును బడినుండి తీసివేయుమని చెప్పను. దానిమీది గ్రేడును తీసివేయుడు, ఉపన్యాసమును తగ్గించి చర్చను పెంచుడు, చర్చకు తగిన పని నిండు అని మాత్రము చెప్పుచున్నాను. నీతిచంద్రికను మరల తెరచి, ఈమారు పర్యాయపదములకై కాక ప్రశ్నలకై చదివింపుడని ఉపాధ్యాయులను వేడుచున్నాను. గృహస్థులారా, మీ యింటి పిల్ల ఈ రాత్రి అన్నమునకు కూర్చుండినపుడు, పై యేడు నీవేమి చదువదలచితివని యొక్కమారు అడుగుడు. అడిగి, ఆమె సమాధానము ముగియువరకు మీరు మాటలాడకుడు. మొదటిరోజున ఆమెకు మాట తోచకపోవచ్చును. తొందరపెట్టక మరునాడు మరల అడుగుడు. తన బ్రతుకును గూర్చి చెప్పునపుడు ఆమె నోట ఆ ‘అట’ యను మాట లేని దినము వచ్చువరకు అడుగుచునే యుండుడు.